విద్యుత్ స్కూటరు ప్రమాదములు - క్షతగాత్రుల హక్కులు

పాలకుర్తి పేరు వినగానే మనకు పాల్కురికి సోమనాథుడును, దాపుననే యున్న బమ్మెర పోతనయు జ్ఞప్తికి వచ్చుదురు. తాను చెమటోడ్చి పండించుకొనిన భూమిపై హక్కును దేశముఖునకు వదలుకొనని చాకలి ఐలమ్మయు ఈ గడ్డమీదనే నిలిచి పోరాడినది. తనకు న్యాయముగా రావలసిన దానిని విడువకుండుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. అయితే నేడు రోడ్డుమీద దెబ్బతినిన కుటుంబములు పెక్కు తమకు చట్టమిచ్చిన హక్కు ఏదో తెలియకయే దానిని పోగొట్టుకొనుచున్నవి. ఆ హక్కును గూర్చి, ముఖ్యముగా విద్యుత్ స్కూటరు ప్రమాదముల విషయమున, ఈ వ్యాసములో తెలిసికొందము.

జనగామ వైపునకు గాని, తొర్రూరు వైపునకు గాని పోవు మన రోడ్లమీద 'చార్జింగు బండ్లు' నానాటికి హెచ్చుచున్నవి. పెట్రోలు ఖర్చు లేదు. పాలు పోయువారికి, కూరగాయలు అమ్ముకొనువారికి, ఉద్యోగమునకు పోవు స్త్రీలకు ఇవి అనుకూలముగా నున్నవి. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరు నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించుట కూడ వీని వ్యాప్తికి తోడ్పడినది.

సౌకర్యముతో పాటు జాగ్రత్తయు అవసరము. ఈ బండికి ఇంజను చప్పుడు లేదు. వెనుకనుండి వచ్చుచున్నట్లు వృద్ధులకు, పిల్లలకు, పశువులను తోలుకొని పోవువారికి తెలియదు. పిడి త్రిప్పగనే ఒక్కసారి ముందునకు దూకును. కోతల కాలమున రోడ్డు సగము వడ్ల కుప్పలతో నిండియుండును. రాత్రివేళ వానిపై పరదాలు కప్పి చుట్టును రాళ్ళు పేర్చుట మనమెరిగినదే. వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రాలీ చీకటిలో కనబడదు. ఇట్టి చోట్ల తేలికయైన స్కూటరుపై పోవువాడే మొదట దెబ్బతినును.

బండి ఏ తరగతికి చెందినది?

చట్టము దృష్టిలో విద్యుత్ స్కూటర్లు రెండు తెగలు. మోటారు సామర్థ్యము 250 వాట్లకు లోబడి, గరిష్ఠ వేగము గంటకు 25 కిలోమీటర్లకు తక్కువగా నుండి, నిబంధనల ప్రకారము ఆమోదము పొందినవి మొదటి తెగ. కేంద్ర మోటారు వాహనముల నియమావళి ప్రకారము ఇవి మోటారు వాహనములుగా ఎన్నబడవు. వీనికి రిజిస్ట్రేషనుగాని, లైసెన్సుగాని, నిర్బంధ బీమాగాని లేదు.

తక్కినవి రెండవ తెగ. ఇవి పెట్రోలు బండ్లవలెనే మోటారు వాహనములు. వీనికి ఆకుపచ్చని నంబరు పలక, నడుపువానికి లైసెన్సు, హెల్మెట్టు, ఇతరులకు కలుగు నష్టమునకు బీమా, ఇవన్నియు తప్పనిసరి. రుసుము మాఫీ యైనంత మాత్రమున రిజిస్ట్రేషనే అక్కరలేదని కొందరు భ్రమపడుచున్నారు. మాఫీ యైనది రుసుము మాత్రమే.

తక్కువ వేగపు బండిని కొని, మెకానిక్కు చేత తీగ మార్పించి వేగము పెంచుకొనువారు గలరు. అట్లు చేసిన క్షణమున అది మినహాయింపును కోల్పోవును. దానికి నంబరు లేదు, బీమా లేదు. అది ఎవరినైన గాయపరచినచో ఆ నష్టమంతయు యజమాని తన ఆస్తినుండి చెల్లించవలసివచ్చును.

చూడవలసినది ఏది?

ఇచ్చట ఒక ముఖ్య విషయమును గ్రహింపవలెను. మన బండికి రిజిస్ట్రేషను లేదు గనుక మనకు పరిహారము రాదని తలచుట పొరపాటు. మిమ్ము గుద్దిన వాహనమేదో చూడవలెను. మీరు నడచుచుండినను, సైకిలుపై నుండినను, 25 కిలోమీటర్ల స్కూటరుపై నుండినను సరే, గుద్దినది లారీయో, కారో, ట్రాక్టరో, రిజిస్టరైన స్కూటరో అయినచో 1988 నాటి మోటారు వాహనముల చట్టము క్రింద మీకు సంపూర్ణమైన హక్కు గలదు. గాయపడినవానికి లైసెన్సు లేదన్న ఒక్క కారణముచేతనే తప్పు అతనిదని నిర్ణయింపరాదని సర్వోన్నత న్యాయస్థానము 2008లో తీర్పు చెప్పియున్నది.

దీనికి భిన్నముగా, మినహాయింపు గల చిన్న స్కూటరే ఒకరిని గుద్దినచో ట్రిబ్యునలుకు పోవు వీలు లేదు. అప్పుడు సాధారణ సివిలు న్యాయస్థానముననే నష్టపరిహారము కోరవలెను. అజాగ్రత్తగా నడిపినందుకు పోలీసు కేసు మాత్రము ఏ బండి విషయమునైనను ఉండును.

ఏ వాహనముతోను సంబంధము లేక, వడ్ల కుప్ప చుట్టును పెట్టిన రాయి తగిలి పడినచో ఎదుటివారి బీమా అనుమాట లేదు. అట్టి సమయమున ఆదుకొనునది యజమాని తనకై తీసికొనిన వ్యక్తిగత ప్రమాద బీమా. మరణమునకు, శాశ్వత పూర్ణ వైకల్యమునకు దీని క్రింద 15 లక్షల రూపాయల రక్షణ యుండును. కొద్దిపాటి ప్రీమియమునకు చూచుకొని దీనిని వదలుకొనరాదు. వెనుక కూర్చున్న వారికి రక్షణ గలదో లేదో కూడ పాలసీలో చూచుకొనవలెను.

ప్రమాదము జరిగిన వెంటనే

మొదట ప్రాణము, తరువాతనే తక్కినది. 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినచో పోలీసులు తమ్ము త్రిప్పుదురని భయపడనక్కరలేదు. సాయము చేసినవానిపై కేసు పెట్టరాదనియు, అతడు తన పేరు చెప్పవలెనని నిర్బంధింపరాదనియు చట్టములోని 134-ఏ సెక్షను రక్షణ నిచ్చుచున్నది. వాహనము నడిపినవాడు మాత్రము పారిపోరాదు. క్షతగాత్రునకు వైద్యము చేయించుటయు, పోలీసులకు తెలుపుటయు అతని విధి.

2025 మే 5 నుండి కేంద్ర ప్రభుత్వము నగదు చెల్లింపు లేని చికిత్సా పథకమును అమలులోనికి తెచ్చినది. మోటారు వాహనమువలన ఏ రోడ్డుమీద గాయపడినవారికైనను, ప్రమాద దినము నుండి ఏడు దినముల వరకు, ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయలకు మించకుండ నిర్ణీత ఆసుపత్రులలో చికిత్స లభించును. ఆసుపత్రిలో చేరునపుడే ఈ పథకమును గూర్చి అడుగవలెను.

పిమ్మట పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాసి యీయవలెను. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని బాధితునకు ఉచితముగా నీయవలెనని చట్టము. గుద్దిన వాహనము నంబరును, దాని బీమా వివరములను పోలీసులనుండి కోరి పొందు హక్కును గలదు. ఆసుపత్రి చీట్లు, మందుల రసీదులు, ఎక్స్‌రేలు, ప్రయాణపు ఖర్చుల లెక్క ఒక సంచిలో భద్రపరుపుడు. జనగామలో కట్టు కట్టించుకొని, వరంగల్లులో శస్త్రచికిత్స చేయించుకొని, చీట్లన్నియు దారిలో పారవేసినచో రేపు న్యాయస్థానమున చూపుటకు ఏమియు నుండదు.

తొందరపాటు రాజీ

మన పల్లెలలో సాధారణముగ జరుగునది మరియొకటి. గుద్దినవాడు పొరుగూరివాడో, చుట్టమో అగును. పెద్దమనుషులు కూర్చుండి ఇరువదివేలకో ముప్పదివేలకో మాట కుదుర్చుదురు. ఇక ఏ దావాయు వేయనని కాగితముపై వ్రేలిముద్ర వేయింతురు. అప్పటికి కాలు విరిగినదని మాత్రమే తెలియును. ఆ కాలు మరల నాగలి వెంట నడచునో లేదో, మరియొక శస్త్రచికిత్స కావలెనో ఏమో ఎవ్వరికిని తెలియదు. ఆరు మాసములకు నిజము తెలియును. అప్పటికి చేతిలో డబ్బు లేదు, దావాకు బలమును తగ్గియుండును.

చుట్టరికము చెడకుండ చూచుకొనుట మంచిదే. కాని బీమా గల వాహనమైనచో పరిహారము చెల్లించునది చాలవరకు బీమా సంస్థయే గాని పొరుగువాడు కాదు. ఈ సంగతి పెద్దమనుషులు ఇరుపక్షములకును తెలియజెప్పినచో స్నేహమును నిలుచును, బాధితునకు న్యాయమును జరుగును.

పరిహారమును కోరు విధానము

చట్టములోని 166వ సెక్షను క్రింద మోటారు ప్రమాదముల క్లెయిముల ట్రిబ్యునలులో దరఖాస్తు పెట్టుకొనవలెను. పాలకుర్తివారికి జనగామ జిల్లా న్యాయస్థానము అందుబాటులో నున్నది. ప్రమాదము హైదరాబాదులో జరిగినను, బాధితుడు నివసించు చోటనే దావా వేయవచ్చును. గాయపడినవాడును, మరణించినచో వారసులును దరఖాస్తుదారులు కావచ్చును.

2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న సవరణ ప్రకారము ప్రమాదము జరిగిన ఆరు మాసములలోపల దరఖాస్తు చేయవలెను. ఈ గడువును సర్వోన్నత న్యాయస్థానమున ప్రశ్నించిన మాట నిజమే. అయినను దానిపై ఆశ పెట్టుకొని జాగు చేయుట తెలివిగాదు.

పరిహారమనగా మందుల ఖర్చు మాత్రమే కాదు. పని చేయలేని దినముల కూలి, తోడుండినవారి ఖర్చు, పడిన బాధ, ముందు ముందు తగ్గు సంపాదన, ఇవన్నియు లెక్కకు వచ్చును. లెక్క తీరును తెలుపుటకు ఒక ఊహా ఉదాహరణము చూతము. 32 ఏండ్ల రైతు నెలకు 10,000 రూపాయలు సంపాదించుచుండెననుకొందము. ఏడాదికి 1,20,000. ముందు పెరుగు సంపాదనకై 40 వంతులు కలుపగా 1,68,000. కాలి దెబ్బవలన అతని పనిశక్తి నూటికి 30 వంతులు తగ్గినచో ఏడాది నష్టము 50,400. 31 నుండి 35 ఏండ్ల వయసువారికి సర్వోన్నత న్యాయస్థానము 2009లో నిర్ణయించిన గుణకము 16. హెచ్చించగా 8,06,400 రూపాయలు. చికిత్స ఖర్చును, బాధకు పరిహారమును దీనికి అదనము. పెద్దమనుషులు కుదిర్చిన ముప్పదివేలను దీనితో పోల్చి చూడుడు.

డాక్టరు వ్రాసిన వైకల్య శాతము ఒక్కటే చాలదు. ఆ వైకల్యము అతని వృత్తికి ఎంత అడ్డు అను విషయమును చూడవలెనని 2011లో అదే న్యాయస్థానము చెప్పినది. గుమాస్తాకు కాలు వంగకపోయినను ఉద్యోగము సాగవచ్చును. నాట్లు వేయు కూలికి సాగదు. ఇంటి పని చేయు గృహిణి శ్రమకును విలువ కట్టుదురు. తప్పు ఇరువైపులను ఉన్నచో ఆ మేరకు మొత్తము తగ్గును.

తప్పు ఎవరిదో నిరూపింపలేనపుడు 164వ సెక్షను ఆధారము. తప్పుతో నిమిత్తము లేకయే మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు లభించును. అయితే ఈ మొత్తమును స్వీకరించినచో 166 క్రింద వేసిన దావా నిలువదు. కావున బీమా సంస్థవారు చూపిన కాగితముపై సంతకము చేయుటకు ముందు న్యాయవాదిని సంప్రదింపవలెను.

గుద్ది పారిపోయిన వాహనము తెలియనపుడును నిరాశ పడనక్కరలేదు. మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు ప్రభుత్వ పథకము క్రింద లభించును. రెవెన్యూ అధికారి విచారణ జరుపును, జిల్లా కలెక్టరు మంజూరు చేయును.

న్యాయవాదికి ఫీజు ఇచ్చుకొనలేనివారు న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, వికలాంగులకు ఆదాయముతో పనిలేక ఉచిత న్యాయ సహాయము గలదు. 15100 నంబరుకు ఫోను చేసినచో దారి చెప్పుదురు.

బ్యాటరీ పేలినచో

రోడ్డుమీదనే కాదు, ఇంటిలోను ఈ బండి ప్రమాదము తేవచ్చును. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో చార్జింగులో నుంచిన బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించెను. కొలది దినములకే విజయవాడలో అట్లే మరియొకరు ప్రాణములు కోల్పోయిరి. అటుపిమ్మట కేంద్ర ప్రభుత్వము బ్యాటరీల భద్రతా ప్రమాణములను కట్టుదిట్టము చేసి, 2022 డిసెంబరు నుండియు, 2023 మార్చి 31 నుండియు రెండు దశలలో అమలుపరచినది.

ఇట్టి నష్టమునకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఆధారము. వస్తువులో లోపమున్నట్లు తేలినచో, తాను అజాగ్రత్తగా లేనని తయారుదారుడు చెప్పి తప్పించుకొనలేడు. రెండేండ్లలోపల జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవలెను. బాధితుడు నివసించు జిల్లాలోనే చేయవచ్చును. సలహాకు 1915 నంబరు గలదు. కాలిన బ్యాటరీ ముక్కలను, కొనుగోలు రసీదును, వారంటీ కాగితమును పారవేయరాదు. కంపెనీవారు 'పరీక్షించెదము' అని తీసికొనిపోవుటకు ముందు ఛాయాచిత్రములు తీయించి, రసీదు పొందవలెను. అయితే వేరు చార్జరు వాడినను, బ్యాటరీని విప్పి మార్పులు చేసినను ఈ హక్కు బలహీనపడును. పడకగదిలోను, రాత్రి నిద్రవేళను చార్జింగు పెట్టకుండుట మేలు.

మన కర్తవ్యము

పదునెనిమిదేండ్లు నిండని కుర్రవాని చేతికి నంబరు గల స్కూటరు ఇచ్చిన తండ్రికి 25,000 రూపాయల జరిమానాయు, మూడేండ్ల వరకు కారాగారవాసమును విధింపవచ్చును. ముద్దు చేసి తాళము చేతికిచ్చుట ప్రేమ కాదు. పంచాయతీలు రోడ్లపై ధాన్యము ఆరబోయుటను మాన్పించి, కల్లములకు స్థలము చూపవలెను. యువజన సంఘములు, మహిళా సంఘములు పైన తెలిపిన గడువులను, ఫోను నంబర్లను పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయించినచో అక్షరమెరిగిన ప్రతివాడును చదివి, ఎరుగని వారికి చెప్పగలడు.

ఇవి దయతో ఇచ్చు ధర్మములు కావు, చట్టము ప్రసాదించిన హక్కులు. చీట్లు దాచుకొనుట, ఆరు మాసముల గడువును మరువకుండుట, గాయము లెక్క తేలక ముందు రాజీ కాగితముపై వ్రేలిముద్ర వేయకుండుట, ఈ మూడును పాటించిన కుటుంబము దెబ్బతినినను అప్పులపాలు గాకుండ నిలువగలదు.