చెవిలో అజాన్ చెప్పాం... బిడ్డకు వినబడిందా?

బిడ్డ పుట్టగానే మన ఇళ్లలో జరిగే మొదటి పని చెవిలో అజాన్ చెప్పడం. తండ్రో, తాతో, ఇంటి పెద్దో బిడ్డను చేతుల్లోకి తీసుకుని ఆ పిలుపు వినిపిస్తారు. నెలలు నిండకుండానో, తక్కువ బరువుతోనో పుట్టి నవజాత శిశువుల ఐ.సి.యు.లో ఉన్న బిడ్డకైతే డాక్టరు అనుమతి అడిగి మరీ చెప్పి వస్తారు. అయితే ఆ అజాన్ బిడ్డకు వినబడిందా అని అడగడం మాత్రం మనం మరచిపోతున్నాం.

ఉపాధ్యాయులుగా మేము కూడా ఈ ప్రశ్నను ఆలస్యంగానే అడుగుతాం. హాజరు పిలిస్తే పలకని పిల్లవాడికి "పరధ్యానం", "మొద్దు" అని పేరు పెట్టేస్తాం. ఏ మూడో తరగతిలోనో అనుమానం వచ్చి చెవుల డాక్టరు దగ్గరకు పంపుతాం. అప్పటికి మాటలు సులువుగా అబ్బే వయసు దాటిపోయి ఉంటుంది. అలాంటి పిల్లల్లో కొందరి చెవుడుకు మూలం తల్లి గర్భంలోనే సోకిన ఒక వైరస్. ఆ సంగతిని మన ఇళ్లకు చేర్చాలనే ఈ పాఠం రాస్తున్నాం.

ఏమిటీ వైరస్?

దీని పేరు సైటోమెగలో వైరస్. డాక్టర్లు సి.ఎం.వి. అంటారు. ఇది సోకిన కణం ఉబ్బి పెద్దదవుతుంది. సూక్ష్మదర్శినిలో గుడ్లగూబ కన్నులా కనిపిస్తుంది. పెద్దవాళ్లకు సోకితే చాలామందికి తెలియనే తెలియదు. మహా అయితే నాలుగు రోజుల జ్వరం, నీరసం. మన దేశంలో ఆడవాళ్లలో అత్యధికులకు చిన్నతనంలోనే ఇది సోకి ఉంటుంది. ఒకసారి వచ్చిన వైరస్ జీవితాంతం ఒంట్లోనే నిద్రపోతూ ఉంటుంది. గర్భిణిగా ఉన్నప్పుడు కొత్తగా సోకినా, నిద్రపోతున్నది మేల్కొన్నా, మరో రకం సోకినా మాయ దాటి బిడ్డను చేరవచ్చు.

పుట్టుకతో వచ్చే వైరస్ వ్యాధుల్లో ప్రపంచమంతటా ఎక్కువగా కనబడేది ఇదే. అమెరికాలో సుమారు 200 జననాలకు ఒక బిడ్డ దీనితో పుడుతోంది. అలా పుట్టిన ప్రతి ఐదుగురిలో ఒకరికి వినికిడి లోపం వంటి శాశ్వత సమస్య మిగులుతోంది. వంశపారంపర్యం కాని పుట్టు చెవుడుకు అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్, గర్భిణికి వచ్చిన రుబెల్లాకూ బిడ్డ కంటి శుక్లాలకూ ఉన్న సంబంధాన్ని మొదట గుర్తించాడు. నేడు రుబెల్లాకు టీకా ఉంది. 2017లో మన బడుల్లోనూ పిల్లలకు వేశారు. సి.ఎం.వి.కి ఇంకా టీకా రాలేదు. కనుక త్వరగా కనిపెట్టడమే మన చేతిలో ఉన్న ఆయుధం.

ఐ.సి.యు.లో ఎందుకు మరుగున పడుతుంది?

ఈ వైరస్‌తో పుట్టిన వారిలో పదిమందికి తొమ్మిదిమంది చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు. మిగిలిన వారిలో తక్కువ బరువు, చిన్న తల, తగ్గని కామెర్లు, ఒంటిమీద సన్నని ఎర్ర చుక్కలు, ప్లేట్‌లెట్లు పడిపోవడం, కాలేయం, ప్లీహం పెరగడం, ఫిట్స్ వంటివి కనిపించవచ్చు. చిక్కంతా ఇక్కడే ఉంది. నెలలు నిండని బిడ్డకు బరువు తక్కువే ఉంటుంది, కామెర్లూ వస్తాయి. రక్తంలో బాక్టీరియా చేరినా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ప్రతి లక్షణానికీ మరో కారణం సిద్ధంగా ఉండటంతో అసలు కారణం వెనక్కి పోతుంది. తరువాత వినికిడి తగ్గినా, ఐ.సి.యు.లో ఇచ్చిన మందుల వల్లేమో అని సరిపెట్టుకుంటారు.

ఏ పరీక్ష చేయాలి?

చాలా ఇళ్లలో "టార్చ్ టెస్టు చేయించాం" అంటారు. అది రక్తంలో ప్రతిరక్షకాలను వెతికే పరీక్ష. తల్లి ప్రతిరక్షకాలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి కాబట్టి, బిడ్డ రక్తంలో అవి కనబడినంత మాత్రాన వ్యాధి ఉన్నట్టు కాదు. బిడ్డ సొంతంగా తయారు చేసుకునే ప్రతిరక్షకాలు వ్యాధి ఉన్నా కొన్నిసార్లు కనబడవు. అంటే ఈ పరీక్ష ఒక్కటీ చూసి ధైర్యపడకూడదు, బెంబేలు పడకూడదు.

అసలైన పరీక్ష బిడ్డ మూత్రంలోగాని లాలాజలంలోగాని వైరస్‌ను నేరుగా వెతికే పి.సి.ఆర్. కరోనా రోజుల్లో ముక్కులోంచి నమూనా తీసి చేసిన పరీక్ష కూడా ఈ కోవలోదే. దీనికి సూది అక్కరలేదు. ఈ వైరస్ మూత్రంలో పుష్కలంగా ఉంటుంది కనుక చిన్న సంచిలో పట్టిన కొద్దిపాటి మూత్రం చాలు. లాలాజలం తీసేటట్లయితే పాలు తాగిన గంట తరువాతే తీయాలి. తల్లిపాలలోనూ ఈ వైరస్ ఉండవచ్చు, అది నోటిలో మిగిలితే ఫలితం తప్పుగా వస్తుంది. లాలాజలంలో ఉందని తేలితే మూత్రంతో నిర్ధారించుకోవాలి.

21 రోజుల గడువు

ఈ పాఠం మొత్తంలో ఒక్క ముక్క గుర్తు పెట్టుకోమంటే మేము ఈ అంకెనే చెబుతాం. నమూనాను పుట్టిన 21 రోజుల లోపే తీయాలి. ఆ తరువాత వైరస్ కనబడినా అది గర్భంలో సోకిందా, పుట్టాక తల్లిపాల ద్వారానో మరోలాగో సోకిందా చెప్పడం కష్టం. పుట్టాక సోకినది నెలలు నిండిన బిడ్డకు సాధారణంగా హాని చేయదు. కాబట్టి పాలు మాన్పవలసిన పని లేదు. మరీ నెలలు తక్కువగా పుట్టిన బిడ్డకు మాత్రం డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి.

ఈ అంకె మనకు కొత్తది కాదు. అఖీఖా ఏడవ రోజున చేస్తాం. వీలు కాకపోతే 14, అదీ కాకపోతే 21 అని పెద్దలు చెబుతారు. వైద్యానికీ అఖీఖాకూ సంబంధం లేదు గాని, గుర్తుకు మాత్రం ఇంతకన్నా మంచిది దొరకదు. అఖీఖా తేదీ మాట్లాడుకునేటప్పుడే "బిడ్డ చెవుల పరీక్ష అయిందా? మూత్ర పరీక్ష అవసరమా?" అని డాక్టరును అడగండి. ఐ.సి.యు.లో ఉన్న బిడ్డకు వినికిడి నాడిని కూడా చూసే బేరా పరీక్ష మేలు. అందులో తేడా వస్తే వెంటనే సి.ఎం.వి. సంగతి అడగాలి. అమెరికాలోని యూటా రాష్ట్రం 2013లో ఈ పద్ధతినే చట్టంగా చేసింది. కెనడాలోని ఒంటారియోలో 2019 నుండి నవజాత శిశువుల మడమ నుండి తీసే రక్తపు చుక్కలోనే ఈ వైరస్‌ను కూడా వెతుకుతున్నారు.

తేలితే ఏమిటి?

భయపడవద్దు. లక్షణాలు బలంగా ఉన్న బిడ్డకు వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే మందును మొదటి నెలలో మొదలుపెట్టి ఆరు నెలలు నోటి ద్వారా ఇస్తారు. ఇది రక్తకణాలను తగ్గించవచ్చు కనుక మధ్య మధ్య రక్తపరీక్షలు తప్పనిసరి. అందరు బిడ్డలకూ ఈ మందు అక్కరలేదు, ఆ నిర్ణయం డాక్టరుదే. పుట్టినప్పుడు చక్కగా విన్న బిడ్డకు కూడా ఏళ్ల తరువాత వినికిడి తగ్గవచ్చు. అందుచేత బడికి వచ్చే వయసు దాకా మళ్లీ మళ్లీ పరీక్ష చేయించాలి. వినికిడి విషయంలో 1-3-6 సూత్రం ఉంది. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు యంత్రమో శిక్షణో మొదలుకావాలి. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ సేవలు అందిస్తోంది.

గర్భిణీ సోదరీమణులకు

పసిపిల్లల ఎంగిలి, మూత్రం ద్వారానే ఇది ఎక్కువగా అంటుతుంది. పెద్ద బిడ్డ వదిలేసిన అన్నం తినడం, అదే చెంచా వాడటం మానండి. ముక్కు తుడిచాక, గుడ్డలు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ముద్దు నోటిపై కాక నుదుటిపై పెట్టండి. ఐ.సి.యు.లోని బిడ్డకు నమిలిన ఖర్జూరం నాకించే ముందు డాక్టరు అనుమతి తీసుకోండి. ఆయన ఆగమంటే ఆగండి.

ఇంటి పెద్దలకు ఒక మనవి. ఇది తల్లి చేసిన తప్పు కాదు. "నీ వల్లే బిడ్డకు ఇలా అయింది" అన్న మాట ఏ కోడలికీ తగలకూడదు.

ప్రసవంలో తన పరిచారిక చనిపోయిన దుఃఖంతో ప్రిన్సెస్ నీలోఫర్ తలపెట్టిన ఆసుపత్రి 1953 నుండి హైదరాబాదులో తల్లీబిడ్డలను కాపాడుతోంది. అంతటి పని మనవల్ల కాకపోవచ్చు. అయితే ఒక పేద బిడ్డ పరీక్ష ఖర్చు భరించడం, గడువు దాటకముందే ఆ ఇంటి తలుపు తట్టి గుర్తు చేయడం మనవల్ల అవుతుంది. అదీ సదఖాయే. మన చెవిలో పడ్డ ప్రతి అజాన్ మన బిడ్డలకూ వినబడేలా అల్లాహ్ అనుగ్రహించుగాక. ఆమీన్.