వేలికి 98, మెదడునకు ఎంత?

పదవ తరగతి బాలిక యొకతె శరీరశాస్త్ర పాఠము జరుగుచుండగా మమ్మొక ప్రశ్న యడిగినది. ఆమె వదినకు సిజేరియన్ కాన్పయినది. వెన్నులో సూది వేసిన కొద్ది నిమిషములకే కళ్లు తిరిగి, కడుపులో త్రిప్పినదట. వేలికి తగిలించిన యంత్రము మాత్రము 98 అనియే చూపుచుండెనట. "రక్తమునిండ ప్రాణవాయు వున్నదని యంత్రము చెప్పుచుండగా తల యెందుకు తిరిగినది, సార్?" అని ఆమె ప్రశ్న. గంట మ్రోగుటచే ఆనాడు సగమే చెప్పగలిగితిమి. మిగిలినది ఇచ్చట వ్రాయుచున్నాము.

సిజేరియన్ కాన్పులలో పెక్కింటికి నేడు తల్లిని పూర్తిగా నిద్రపుచ్చరు. వెన్నుపాము ముగిసిన చోటికి దిగువ, నడుము ఎముకల సందున సన్నని సూదితో మందు వేసి, శరీరపు క్రింది సగమును మాత్రము మొద్దుబార్చెదరు. ఈ పద్ధతిని 1898లో జర్మనీ దేశీయుడగు ఆగస్ట్ బియర్ ప్రారంభించెను. (ఆయనయు, ఆయన సహాయకుడును తమ శరీరములపైననే దీనిని పరీక్షింపబోయి తలనొప్పుల పాలైరి.) తల్లి మెలకువతో నుండి బిడ్డ యేడ్పు వినగలుగును. అయితే ఆ మందు నొప్పిని తెలుపు నరములతో పాటు, రక్తనాళములను బిగించి యుంచు నరములను గూడ మొద్దుబార్చును. నాళములు సడలి రక్తము కాళ్లలో నిలిచిపోవును, రక్తపోటు పడును. పైగా వెల్లకిల పరుండిన నిండుచూలాలి గర్భసంచి, గుండెకు రక్తమును చేర్చు పెద్దసిరను నొక్కును. గుండెకు చేరు రక్తము తగ్గినచో మెదడునకు పోవునదియు తగ్గును.

మెదడు బరువు శరీరపు బరువులో నూటికి సుమారు 2 వంతులే. విశ్రాంతివేళ శరీరము వాడుకొను ప్రాణవాయువులో మాత్రము సుమారు 20 వంతులు దానికే కావలెను. నిలువ చేసికొను కొట్టు దానికి లేదు. కనుకనే రక్తపోటు పడగానే తల తిరుగుట, వికారము, ఆవులింతలు మొదలగును.

మరి 98 మాట యేమి? వేలి యంత్రమునకు మూలమైన పద్ధతిని 1974లో జపాను ఇంజనీరు తకువో అవొయాగి వెల్లడించెను. ధమనులలోని హిమోగ్లోబిన్‌లో నూటికి ఎన్నివంతులు ప్రాణవాయువుతో నిండియున్నదో అది చెప్పును. అంతమాత్రమే. మన సాఖర్‌పేట కార్ఖానాలకు నూలు తెచ్చు బండ్లను తలచుకొనుడు. ప్రతి బండియు నిండుగనే యుండవచ్చును. పది రావలసిన చోట ఆరే వచ్చినచో మగ్గములు నిలిచిపోవును. వేలి యంత్రము బండి నిండినదా యని చూచును గాని బండ్లను లెక్కింపదు.

ఇంకొక లెక్క చేయుడు. 1 గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మి.లీ. ప్రాణవాయువును మోయును. 100 మి.లీ. రక్తములో 12 గ్రాములున్న తల్లికి, 98 వంతులు నిండినచో, 15.8 మి.లీ. వచ్చును. 8 గ్రాములే యున్న తల్లికి 10.5 మి.లీ. మాత్రమే. ఇద్దరి వేళ్లకును యంత్రము చూపునది 98! గర్భిణికి 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత యందురు. ఇనుపధాతువు మాత్రలు పడవని వానిని గూటిలో దాచు మన యిండ్ల తల్లులకు ఈ లెక్కను మీరే చేసి చూపవలెను.

ఇక మెదడు సంగతిని నేరుగా తెలిసికొనుట యెట్లు? చీకటి గదిలో టార్చిదీపమును అరచేతికి ఆనించి చూడుడు. వ్రేళ్లు ఎఱ్ఱగా వెలుగును. ఎఱ్ఱని కాంతి మాంసమును దాటి రాగలదు. ఎరుపునకు ఆవల, కంటికి కానరాని కాంతి ఎముకను గూడ దాటి మెదడు పైభాగమును చేరగలదు. దీనితో మెదడులోని ప్రాణవాయువును గమనింపవచ్చునని 1977లో అమెరికాలో ఫ్రాన్స్ యోబ్సిస్ చూపెను. నుదుటికి అంటించు పట్టీలో కాంతిని పంపునది యొకటి, తిరిగివచ్చు కాంతిని పట్టునవి రెండు ఉండును. దగ్గరిది చర్మమును, పుఱ్ఱెను చూచును. దూరపుది లోతునకు చూచును. ప్రాణవాయువు మోయు హిమోగ్లోబిన్, దానిని దింపివేసిన హిమోగ్లోబిన్ ఈ కాంతిని వేర్వేరు పాళ్లలో పీల్చుకొనును గనుక లెక్క తేలును. అచ్చటి రక్తములో ఎక్కువ భాగము సిరలది. కావున ఆ అంకె సామాన్యముగా 60, 75ల నడుమ నుండును. మెదడు తన వంతు తీసికొనగా మిగిలిన దెంతయో అది తెలుపును. సూది వేసిన పిమ్మట కొందరు తల్లులలో ఈ అంకె పడుట పరిశోధకులు చూచిరి.

అయినను ఈ పట్టీ ప్రతి కాన్పులోను వాడునది కాదు. చర్మపు రక్తము దాని లెక్కను కొంత చెఱచును. నుదుటి వెనుక భాగమును దాటి అది చూడలేదు. చేతి పట్టీతో రక్తపోటును మాటిమాటికి చూచుట, తల్లిని ఎడమ ప్రక్కకు కొంచెము వంచుట, సెలైను, ఫినైలెఫ్రిన్ అను మందు: వీనితోనే చాలవరకు ప్రమాదము తొలగును. మెలకువతో నున్న తల్లి నోటి మాటను మించిన యంత్రము లేదని మా యభిప్రాయము.

ఆ మాట ఏ భాషలో? 1963 నుండి మన పట్టణమున వైద్య కళాశాల కలదు. శస్త్రచికిత్స గదులలో వినబడునది మాత్రము సాధారణముగా మరాఠీయే. ఆ వదిన తెలంగాణము నుండి కోడలుగా వచ్చి యేడాది నిండలేదు. "కళ్లు తిరుగుతున్నయి" అని తెలుగుననే అన్నదట. మన పేట ఆయా యొకతె అచ్చట నుండుటచే ఆ మాట వైద్యునికి చేరినది. బల్లను ఎడమకు వంచి మందిచ్చిరి. కొంతసేపటికి కుదుటపడినది.

మరాఠీలో కళ్లు తిరుగుటను "చక్కర్ యేతే" అనియు, కడుపులో త్రిప్పుటను "మళమళతే" అనియు చెప్పవలెను. ఇంటిలో క్రొత్త కోడలున్నచో ఈ రెండు మాటలను ఆమెకు నేర్పుడు.