రేచీకటి: ఒక బాలుని విషయమున కారణాన్వేషణము

ఎనిమిదవ తరగతివారికి నేత్రనిర్మాణమును బోధించుచున్న దినమున వెనుకబల్లమీది విద్యార్థి యొకడు లేచి, "అయ్యగారూ, మా తమ్ముడు ప్రొద్దు గ్రుంకగానే గోడ పట్టుకొని నడచుచున్నాడు. పగలు బాగుగనే చూచును. ఇది యేమి రోగము?" అని యడిగెను. ఆ సాయంకాలమే వానివెంట వారి యింటికి పోయితిని.

బాలునికి నాలుగేండ్లు. కంటి తెల్లగ్రుడ్డుపై వెలుపలి ప్రక్కను నురుగువంటి చిన్న మచ్చ యుండెను. 1863లో బీటో అను ఫ్రెంచి వైద్యుడు వర్ణించిన మచ్చ యిట్టిదియే. మరునాడు ఆరోగ్యకేంద్రమునందలి వైద్యురాలు ఇది 'ఎ' విటమిను లోపమని నిర్ణయించి, 2,00,000 యూనిట్ల మందును అప్పుడే నోట పోయించి, తరువాతి మోతాదులకు దినములు చెప్పెను. ఆలస్యమైనచో నల్లగ్రుడ్డు మెత్తబడి చూపు శాశ్వతముగ పోయెడిది. ఇంటివారు మాత్రము రేచీకటి వచ్చిపోవునదియే యని యూరకుండిరి.

మసకవెలుతురులో చూచుటకు కంటిలోపలి పొరయందు రోడాప్సిన్ అను పదార్థము కావలయును. అది 'ఎ' విటమినునుండి యేర్పడును. దీనిని విశదపరచిన జార్జి వాల్డునకు 1967లో నోబెలు బహుమాన మీయబడెను. కావుననే విటమిను తగ్గినపుడు మొదట చెడునది రాత్రిచూపు.

మందు దొరకినది గదా, యింక విచారణ యేల యని కొందరనవచ్చును. లోపమునకు పేరు తెలియుట వేరు, లోప మేల కలిగెనో తెలియుట వేరు. కారణము మిగిలియున్న యింట లోపము మరల వచ్చును.

పేదరికముచేత కూరలు తినకుండుటయే కారణమని నేను త్రోవలోనే నిశ్చయించుకొంటిని. తల్లి నా మాట విని, "మా యింట తోటకూర లేని దినము లేదయ్యా!" అనెను. సిగ్గుపడితిని. ఉత్తరమును ముందు వ్రాసికొని ప్రశ్నను పిమ్మట నడుగు దురభ్యాసము మా ఉపాధ్యాయులకు కలదు.

పిమ్మట మెల్లగ నడుగగా సంగతి వెల్లడియయ్యెను. గడచిన వేసవిలో వీరు ఇటుకబట్టీల పనికై పొరుగు జిల్లాకు పోయిరి. అచ్చట పిల్లవానికి తట్టు వచ్చెను, వెంటనే విరేచనములు పట్టుకొనెను. నూనె, పప్పు, గ్రుడ్డు తగదని పెద్దలు పథ్యము పెట్టిరి. ఐదు మాసములు అన్నమును చారును తప్ప వేరెరుగడు. తరువాత తోటకూర పెట్టిరిగాని, నూనెచుక్క లేక ఉడికించి పెట్టిరి.

ఇందు చిక్కు గమనింపుడు. ఆకుకూరలో నున్నది విటమిను కాదు, కెరొటీను. దానిని ప్రేగులు విటమినుగ మార్చుకొనవలయును. అది నీట కరగదు, క్రొవ్వున కరగును. నూనె లేనిచో చాలవరకు వ్యర్థముగ పోవును. తట్టు శరీరమునందలి నిలువను హరించును, విరేచనములు ప్రేగులను చెరచును. కాలేయమున నిలువయున్న విటమినును రక్తములోనికి మోసికొనిపోవుటకు మాంసకృత్తులు కావలయును. ధాన్యము కొట్టున నుండియు బండి లేనట్లు, పప్పును గ్రుడ్డును మానిన వానికి ఆ మోతయు కుంటుపడును. మలపరీక్షయందు ఏలికపాముల గ్రుడ్లును కనబడెను. అవియు ఆహారసారమును ఒంటబట్టనీయవు.

మరియొకటి. తట్టునకు టీకా కలదు. మన దేశమున 1970లో ఆరంభమైన కార్యక్రమము ననుసరించి చిన్నపిల్లలకు 'ఎ' విటమిను మోతాదులు ఉచితముగ పోయబడును. ఊరూరు తిరుగు ఈ కుటుంబమునకు రెండును తప్పిపోయెను. పై కారణములలో దేనిని మొదటిదనవలెనని యడిగినచో, నేను పథ్యమునే చెప్పుదును. తల్లిని మాత్రము తప్పుపట్టను. ఆమె బిడ్డను కాపాడదలచియే పెద్దల మాట వినెను.

రెండు మూడు దినములలోనే బాలుడు సందెవేళ గోడ విడిచి నడచెను. మచ్చ మానుటకు ఎక్కువకాలము పట్టెను. పురుగులమందు ఇచ్చిరి. ఇపుడు వాని కంచమున మునగాకు పప్పు, పైన చెంచెడు నూనె, అంగన్వాడిలో గ్రుడ్డు, కాలమునుబట్టి మామిడియో బొప్పాయియో యుండును. తల్లిదండ్రులు దీనిని చదివి మందుబిళ్లలు కొని తామే మ్రింగింపరాదు. ఈ విటమిను మితిమీరినచో శరీరమున పేరుకొని తలనొప్పి, వాంతులు మొదలగు బాధలు కలిగించును.

మొన్న ఆ తల్లి పెద్దకొడుకుచేత మా యింటికి మునగాకు కట్ట పంపెను. మా చిన్నది ఆకు ఏరి కంచము ప్రక్కన పెట్టుచున్నది. ఆ విచారణ యింకను సాగుచున్నది.