ఆపన్నులకొఱకు విమానము నడుపుట



2022వ సంవత్సరము జూలై మాసములో గోదావరి పొంగి, చెన్నూరు మండలమందలి సోమనపల్లి కడ నిద్దఱు మనుష్యులను చుట్టుముట్టెను. వారు నీళ్ల ట్యాంకుపైకెక్కి నిలిచిరి. భారత వైమానిక దళపు హెలికాప్టరు వచ్చి వారిని రక్షించెను. 2025 ఆగస్టులో మానేరు వరదయందు నర్మాల యొద్ద చిక్కుకొన్న రైతులనుగూడ హెలికాప్టరులే గట్టు చేర్చినవి. మొదటి యూరు పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. రెండవది పూర్వపు కరీంనగరు జిల్లాలోనిది.

ఇట్టి వార్త విన్నప్పుడు, తామును ఆపదలోనున్నవారికొఱకు విమానము నడుపవలెనని మీలో కొందఱికి తోచియుండును. కోరిక మంచిది. మార్గములు రెండు గలవు.

మొదటిది సైనిక మార్గము. ఐక్యరాజ్యసమితి శాంతిపరిరక్షణ కార్యమునకు సభ్యదేశములు తమ సైనిక హెలికాప్టరులను, చోదకులను పంపుచుండును. మన వైమానిక దళము 2003 మొదలుకొని కొన్ని సంవత్సరములు కాంగో దేశమున నట్లు పనిచేసెను. కావున నీ పని కోరువారు ముందుగా దళమునందు చేరవలెను. ఇంటర్మీడియేటులో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివినవారు జాతీయ రక్షణ అకాడమీ పరీక్ష వ్రాయవచ్చును. 2022 నుండి ఆ అకాడమీలో బాలికలకును ప్రవేశము గలదు. పట్టభద్రులకు వేఱు పరీక్ష యున్నది. శిక్షణ వ్యయము ప్రభుత్వమే భరించును.

రెండవది పౌర మార్గము. కరవు, యుద్ధము గల దేశములకు సహాయకులను, మందులను చేరవేయు ఐక్యరాజ్యసమితి మానవతా విమానసేవను ప్రపంచ ఆహార కార్యక్రమము నడుపుచున్నది. అయితే ఆ విమానములను అది సాధారణముగా విమాన సంస్థలనుండి, చోదకులతో గూడ, బాడుగకు తీసికొనును. కనుక చోదకులకు ఉద్యోగమిచ్చునవి ఆ సంస్థలే. మన దేశములో వాణిజ్య చోదక లైసెన్సునకు 18 ఏండ్లు నిండవలెను, 200 గంటలు విమానము నడిపియుండవలెను, వైద్యపరీక్షలో నెగ్గవలెను. అది మొదటి మెట్టు మాత్రమే. ఆపదగల చోట్లకు పంపుటకు అనుభవజ్ఞులనే కోరుదురు గనుక, మామూలు విమానములపై కొన్నియేండ్లు పనిచేయవలసియుండును.

తల్లిదండ్రులకొక మాట. ఈ శిక్షణకు అనేక లక్షల రూపాయలు వ్యయమగును. ఐక్యరాజ్యసమితి ఉద్యోగమిచ్చుటకు ఎన్నడును రుసుము తీసికొనదు. సొమ్ము చెల్లించినచో సమితి విమానములలో పని యిప్పింతుమను మధ్యవర్తులను నమ్మి పొలము నమ్ముకొనవలదు.

ఇక నీ వృత్తికి ధైర్యమొక్కటే చాలదు. గాలి వేడెక్కిన కొలది పలుచనగును. హెలికాప్టరు మోయగల బరువు తగ్గును. ఇంధనమెక్కువగా నింపినచో మనుష్యులకు చోటు తగ్గును. నలుగురి బరువే మోయగల దానిలోనికి ఐదవవాడు చేయి చాచినపుడు, “మరల వచ్చెదను” అని చెప్పి వెడలుట మిక్కిలి కష్టము. కాని జాలిచేత వాని నెక్కించుకొన్నచో ఐదుగురికిని అపాయమే. లెక్క సరిగా వేసి, మాట తప్పక మరల వచ్చువాడే యీ పనికి తగినవాడు.

గణితపు తరగతిలో నేడు మీరు చేయు లెక్కలు వట్టి మార్కులకొఱకే యని తలపకుడు. ఏనాడో వరదలో నిలిచిన యొకని ప్రాణము వానిపై నాధారపడవచ్చును.