దగ్గరి నగరం, దూరపు ప్రయాణం

రెండు నగరాల నడుమ దూరమెంత అని అడిగినప్పుడు, ఏ మార్గాన అని తిరిగి ప్రశ్నింపవలసిన సందర్భాలు కొన్ని కలవు. పశ్చిమ బెంగాల్ రాజధాని కోల్‌కతా, త్రిపుర రాజధాని అగర్తలా ఇందుకు చక్కని ఉదాహరణ. ఆకాశమార్గాన వీటి మధ్య దూరం సుమారు 320 కి.మీ. రైలుమార్గాన 1,500 కి.మీ.కు పైమాటే. విమానం ఒక గంటలో చేరుస్తుంది. రైలు ప్రయాణం 30 గంటలు దాటుతుంది.

విద్యార్థులకు ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. జెట్ విమానం గంటకు 800 కి.మీ. వేగంతో పోగలదు గదా, 320 కి.మీ.కు 24 నిమిషాలు చాలవా? చాలవు. విమానం రన్‌వే వరకు నెమ్మదిగా నడవాలి, పైకెక్కాలి, పూర్తి వేగం అందుకున్న కొద్దిసేపటికే దిగుటకు సిద్ధపడాలి. ఢిల్లీ–కోల్‌కతాల మధ్య దూరం దీనికి నాలుగు రెట్లు. అయినను కాలం రెట్టింపు కంటె కొద్దిగా మాత్రమే ఎక్కువ. దూరాన్ని వేగంతో భాగించి ప్రయాణకాలం తేల్చే పాఠ్యపుస్తకపు లెక్క స్వల్పదూరాలకు అంతగా పనికిరాదు.

ఇక భూమార్గం సంగతి. త్రిపురకు మూడు దిక్కులా బంగ్లాదేశ్ ఉన్నది. 1947కు పూర్వం త్రిపుర ప్రజలకు సమీపాన గల రైలు స్టేషను సరిహద్దుకు ఆనుకొని ఉన్న అఖౌరా. దేశవిభజనతో అది పరదేశమైనది. నేడు కోల్‌కతా నుండి బయలుదేరిన రైలు ఉత్తరాన సిలిగురి వద్ద, ఒకచోట 22 కి.మీ. వెడల్పు మాత్రమే గల భూభాగం గుండా దాటి, గౌహతి, లమ్‌డింగ్, బదర్‌పూర్‌ల మీదుగా చుట్టివస్తుంది. ఈ అడ్డంకిని ప్రకృతి కల్పించలేదు.

విమానానికి మాత్రం సరిహద్దు లేదా అంటే, ఉన్నది. 1944 నాటి చికాగో ఒడంబడిక ప్రకారం ప్రతి దేశానికి తన గగనతలంపై పూర్తి అధికారం కలదు. కోల్‌కతా విమానం బంగ్లాదేశ్ మీదుగా పోవుట ఆ దేశపు సమ్మతి వల్లనే. ఆ సమ్మతి లేనినాడు ఏమగునో 1971లో కనబడింది. భారత విమానమొకటి జనవరి 30న లాహోరుకు అపహరింపబడి దగ్ధమైన పిదప, ఫిబ్రవరి 4న మన దేశం పాకిస్తాన్ విమానాలకు గగనతలాన్ని మూసివేసింది. కరాచీ–ఢాకా విమానాలు కొలంబో మీదుగా తిరిగి పోవలసివచ్చి, సుమారు 2,350 కి.మీ. దూరం దాదాపు రెట్టింపైనది.

2022 మే నెలలో కొండచరియలు విరిగి అస్సాంలోని న్యూ హఫ్లాంగ్ స్టేషను మట్టిలో కూరుకుపోయినప్పుడు త్రిపురకు రైళ్ళు నిలిచిపోయినవి. చికిత్సకై కోల్‌కతా పోదలచి విమాన ఛార్జీ భరింపలేని రోగికి, అట్టి రోజులలో ఆ 320 కి.మీ. లెక్క వలన ఒరిగేదేమున్నది?

అగర్తలా–అఖౌరాలను కలిపే 12 కి.మీ. పైచిలుకు రైలుమార్గానికి 2023 నవంబరు 1న ప్రారంభోత్సవం జరిగింది. ఈ దారిన కోల్‌కతా వరకు రాకపోకలు సాగిన పక్షంలో, రైలు దూరం దాదాపు మూడింట ఒక వంతుకు తగ్గును.