మీటింగుకి ముందు రోజు

చి. బుజ్జికి,

కస్టమర్ల దగ్గరికి వెళ్లేముందు చదవాల్సినదంతా ఇప్పుడు ఏఐ ఏజెంటు చేత చేయిస్తున్నానని రాశావు. మంచి పని. క్యాలెండర్ చూసుకుని, పాత మెయిళ్లు తిరగేసి, కంపెనీ వార్తలూ లెక్కలూ వెతికి తెల్లారేసరికి నోటు చేతిలో పెట్టే సాయం దొరికితే వద్దనడం తెలివి కాదు. అయితే దానికి పని చెప్పడం నువ్వు నేర్చుకోవాలి. ఫలానా కంపెనీ గురించి అంతా చెప్పమంటే, ఆ కంపెనీ తన గురించి తాను రాసుకున్న గొప్పలే నాలుగు పేజీలు తెచ్చిపెడుతుంది.

ముందు కంపెనీని పోల్చుకోవాలి కదా. ఢిల్లీ చుట్టూ ఒకే ఇంటిపేరుతో, ఒకే వ్యాపారంలో అన్నదమ్ముల కంపెనీలు బోలెడు. పేరును నమ్ముకుంటే ఏజెంటు ఒకరి లెక్కలు ఇంకొకరికి అంటగట్టగలదు. జీఎస్టీ నంబరుతో వెతికించు. ఆ 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రానివి: ఢిల్లీకి 07, హర్యానాకు 06, ఉత్తరప్రదేశ్‌కు 09. తర్వాతి పది పాన్ నంబరు. ఓఖ్లాలో ఆఫీసు, ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ, ఘజియాబాద్‌లో గోడౌన్ ఉంటే మూడు జీఎస్టీ నంబర్లుంటాయి, పాన్ ఒక్కటే. అది కలిస్తేనే ఒకే సంస్థ. సరుకు వాడేదెక్కడ, సంతకం పెట్టేదెక్కడ అన్న ప్రశ్నలు ఆ చిరునామాలతో మొదలుపెట్టి అడుగు.

లెక్కల పక్కన తేదీ రాయించు. ప్రైవేటు కంపెనీలు మార్చితో ముగిసిన ఏడాది లెక్కలు సాధారణంగా అక్టోబరు నాటికి గానీ దాఖలు చెయ్యవు. జూన్‌లో నువ్వు చదివేవి ఏడాది దాటిన అంకెలన్నమాట. ప్రతి వాక్యానికీ ఆధారం చూపించమను. ఆధారం లేని వాక్యాన్ని కొట్టెయ్. దొరకని సంగతులేమిటో కూడా విడిగా రాయమను. నాకు అన్నిటికన్నా విలువైన భాగం అదే, మీటింగులో అడగాల్సిన ప్రశ్నలు అందులోనే ఉంటాయి.

ఢిల్లీ కాలం సంగతి మర్చిపోకు. చలికాలంలో గాలి పాడై గ్రాప్ (కాలుష్య నియంత్రణ ప్రణాళిక) ఆంక్షలు వస్తే డీజిల్ జనరేటర్లు, లారీలు, నిర్మాణ పనులు ఇబ్బందిలో పడతాయి. నవంబరులో ఫ్యాక్టరీ యజమాని బుర్రలో అదే తిరుగుతుంటుంది. నువ్వు ప్రత్యేకంగా అడక్కపోతే కొత్త పెట్టుబడి గురించి ఏజెంటు రాసిచ్చిన మాటల్లో ఆ ఊసే ఉండకపోవచ్చు. మీటింగుకి అరగంట ముందే వెళ్లి స్టోర్ కీపర్‌తోనో డిస్పాచ్ గుమస్తాతోనో మాట్లాడు. సరుకు ఎందుకు ఆగుతోందో వాళ్లకు తెలిసినంతగా ఏ వెబ్‌సైటుకూ తెలియదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. కస్టమర్ నమ్మి ఇచ్చిన ధరల పట్టికలు, డ్రాయింగులు బయటి ఏఐకి ఎక్కించకు. 2025లో కేంద్ర ఆర్థిక శాఖే తన ఉద్యోగులను ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడొద్దంది, సమాచారం బయటికి పోతుందనే భయంతోనే. మీ కంపెనీ అనుమతించిన ఏజెంటేదో, దానికి ఏ ఫైళ్లు చూపించవచ్చో రాతపూర్వకంగా అడిగి తెలుసుకో. అవతలి మనిషి పిల్లలు, కులం, ఊరు వంటి సొంత విషయాలు వెతికించనే వద్దు. తెలిస్తే వాళ్లు బాధపడతారు, పడాలి కూడా.

వచ్చే వారం మానేసర్ మీటింగుకి నోటు ఒక్క పేజీకి కుదించి, ముందు రోజు సాయంత్రం నాకు పంపించు. చదివి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న