చెఱువు పనులకు టెండరు

తెలంగాణమున 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద 46 వేలకు మించిన చెఱువులను బాగుచేయ సంకల్పించిరి. ఇట్టి పనులకు టెండరు వేయదలచు సంఘములవారికి మేము చెప్పునది యిది.

మొదట చెఱువును స్వయముగా చూడవలెను. పూడిక లోతును, మన్ను మోయు దూరమును కొలిచి, తూము, అలుగుల స్థితి పరీక్షించి, సర్కారు అంచనాతో సరిచూచిన పిమ్మటనే ధర వ్రాయవలెను. టెండరు వేసి, గడువు తీరకముందే వెనుదీసినచో ధరావతు పోవును.

పని దక్కించుకొనుటకై ధరను మిక్కిలి తగ్గింపరాదు. అట్లు తగ్గించినవాడు నష్టము పూడ్చుకొనుటకు, కట్టమన్నును పొరలుపొరలుగా తడిపి రోలరుతో అణచుట మానును. పెద్ద వఱద వచ్చినచో కట్ట తెగును, ఆయకట్టు ఎండును. ఆ ఆయకట్టు మనదే. కావున గిట్టుబాటగు ధరయే వ్రాయుడు. గిట్టనిచో టెండరు మానుడు.